వంటచెరకు లేని ఊరు

అగ్గిపుల్ల గీయకుండా, చుక్క నీళ్లు చల్లకుండా, ఒక ఊరు ఊరంతా పొయ్యిలు ఆరిపోయేంత పని చేసిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండరు. చూడాలనుంటే ఇటు తిరగండి, అది నేనే. ఆ పనికి నేను వాడిన ఆయుధం సర్కారువారు ఇచ్చిన పెన్సిలు. దాంతో వరుసగా సున్నాలు చుట్టాను. సున్నాలు గుండ్రంగా, ముచ్చటగా వచ్చాయి. వాటి పుణ్యాన రాజవ్వ ఇంట్లో, ఆమె ఇంటి వెనక ఉన్న నూరు ఇళ్లలో వానాకాలం అన్నం ఉడుకుతుందా లేదా అనే దాకా వచ్చింది. నన్ను తిట్టడానికి అప్పుడే తొందరపడకండి. కథంతా వింటే ఇంకా ఎక్కువ సరుకు దొరుకుతుంది.

నేను పుట్టింది భైంసాలో. మా బాపు పత్తి గిర్నీలో తూకం దగ్గర పనిచేసేవాడు. ఇంట్లో తెలుగు, వాకిట్లో మరాఠీ, బడిలో ఉర్దూ. మెట్రిక్ దాకా లెక్కలు, చరిత్ర, ఆఖరికి మొక్కల వేళ్ల సంగతి కూడా ఉర్దూలోనే చదివాను. తెలుగు నాకు నోటికి వచ్చు గానీ కంటికి రాదు. అక్షరాలు కూడబలుక్కుని దుకాణాల బోర్డులు చదివేవాణ్ణి, అంతే. కరీంనగర్‌లో గుమాస్తా ఉద్యోగం దొరికినప్పుడు ఆఫీసు కాగితాలన్నీ ఉర్దూలోనో ఇంగ్లీషులోనో ఉండేవి కాబట్టి నా గుట్టు బయటపడలేదు. కొత్త రాష్ట్రం ఏర్పడ్డాక ఒక్కొక్క ఫారం తెలుగులో అచ్చయి రావడం మొదలైంది. ఆ ఫారాల వెంటే కృష్ణా జిల్లా నుంచి మాకో కొత్త ఆఫీసరుగారు వచ్చారు.

ఆయన మంచి మనిషి, పైగా చదువరి. చేరిన రోజే ఒక్కొక్కరినీ పిలిచి, తెలుగు చదవడం రాయడం బాగా వచ్చా అని అడిగారు. మిగతా గుమాస్తాలు జర జర వస్తది సార్ అని మర్యాదగా తప్పుకున్నారు. నేను మాత్రం ఛాతీ విరుచుకుని "పుట్టింటి భాష సార్" అన్నాను. మగవాడికి పుట్టిల్లేమిటని ఆయన అప్పుడే అనుమానపడి ఉండాల్సింది. పడలేదు. నా భుజం తట్టి, ఇంధన సర్వే అనే పని నా నెత్తిన పెట్టారు.

ఆ సర్వే ఎందుకో ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. కుర్చీలోంచి లేచి, గోడకున్న ప్రపంచ పటం దగ్గర నిలబడి చెప్పారు.

"ప్రపంచంలో మండే ప్రతి నిప్పుకీ తినే నోళ్లు నాలుగు ఉన్నాయయ్యా. ఫ్యాక్టరీ ఒకటి. రైలూ లారీ ఓడా కలిపి ఒకటి. ఇల్లు ఒకటి. పొలం ఒకటి. ఏ దేశంలో ఏ నోరు ఎంత తింటోందో చెప్పు, ఆ దేశం ఎట్లా బతుకుతోందో నేను చెబుతాను."

నాకు ఒళ్లు పులకరించింది. బొగ్గు గనులున్న జిల్లాల పక్కనే పుట్టి పెరిగి, రైలింజను పొగ చూసి, గిర్నీ చప్పుడు విని, మా అవ్వ పొయ్యి ఊదడం చూసి, ఇవన్నీ ఒకే నిప్పుకు పంక్తిలో కూర్చున్న నోళ్లని ఒక్కనాడు కూడా అనుకోలేదు. ఆయన చివర్లో ఇంకో మాట కూడా అన్నారు. ఈ లెక్కను బట్టే వానలకు ముందు ఊరికి ఎన్ని బండ్లు వదలాలో పైవాళ్లు నిర్ణయిస్తారు, జాగ్రత్త అని. ఏం బండ్లో నేను అడగలేదు. పుట్టింటి భాష కదా, అడిగితే పరువేం కావాలి.

బయటికి వచ్చి ఫారం చదువుకున్నాను. పైన అడ్డంగా నాలుగు నోళ్లు: పరిశ్రమ, రవాణా, గృహం, వ్యవసాయం. రవాణా చూసి ప్రాణం లేచి వచ్చింది, అది మా ఉర్దూ మాటే. వ్యవసాయం అంటే మన ఎవుసమేనని కాసేపటికి తేలింది. పక్కన నిలువుగా తిండి రకాలు. బొగ్గు, సరే. కిరసనాయిలు అంటే మా భైంసాలో ఘాసులేట్ అంటామే అదేనని టీ హోటల్ ఆయన చెప్పాడు. విద్యుచ్ఛక్తి దగ్గర నాలుక రెండుసార్లు తిరగబడింది గానీ కరెంటని అందింది. ఆఖరి వరుసలో ఒకే ఒక్క మాట మిగిలింది.

వంటచెరకు.

వంట నాకు తెలుసు. చెరకూ తెలుసు. రెండూ కలిస్తే వంటలో వేసే చెరకు. ఇంత సులువైన మాటకు ఇంకొకరిని అడగడమెందుకు? కోస్తావాళ్లు పులుసులో బెల్లం వేసుకుంటారని విన్నాను. ఒకసారి ఆఫీసరుగారి క్యారియర్‌లో పులుసు రుచి చూస్తే నిజంగానే తియ్యగా ఉంది. ఇంకేం కావాలి? తిండి ఒంటికి బలమిస్తుంది కాబట్టి తీపిని కూడా ఇంధనంలో చేర్చారు, ఎంత ముందుచూపున్న సర్కారు అని మెచ్చుకున్నాను. ఫారంలో కట్టెలకు గడి లేకపోవడం చూశాను. కట్టెల సంగతి జంగ్లాతోళ్లు, అంటే అడవి శాఖవాళ్లు, చూసుకుంటారులే అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను.

నాకిచ్చింది మానేరు ఒడ్డున ఒక మగ్గాల ఊరు. వీధికి అటూ ఇటూ సాలోళ్ల ఇళ్లు, ప్రతి ఇంట్లో మగ్గం. మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలవ్వ రాట్నం ముందు కూర్చుని ఉంది. దండం పెట్టి, వంటలకు చెరుకు ఎంత వాడుతరవ్వా అని అడిగాను. ఆమె చాలాసేపు నన్ను చూసి, నోరు తెరిచి చూపించింది.

"నోట్ల ఒక్క పన్ను లేదు కొడుకా. చెరుకు యాడ నములుత?"

సున్నా చుట్టాను. రెండో ఇంటాయన తులసి పెండ్లికి రెండు గడలు తెస్తామన్నాడు. పూజకు వాడింది వంటకు రాదు కాబట్టి అక్కడా సున్నా. మూడో ఇంటాయన నోరు జారి, మొన్న అంగట్లో చెరకురసం తాగానన్నాడు. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి నాకెందుకు తేలేదని నిలదీసింది. వాళ్ల పంచాయితీ తెగేలా లేదని నేను సున్నా చుట్టుకుని జరిగిపోయాను. ఇలా ఇల్లిల్లూ తిరిగి, వీధి చివర రాజవ్వ ఇంటికి చేరాను.

రాజవ్వ గురించి కొంచెం నెమ్మదిగా చెప్పాలి. నలభై ఏళ్ల మనిషి, సన్నగా, చురుగ్గా ఉంటుంది. ఆమె ముందు మూడు కండ్ల పొయ్యి మండుతోంది. ఒక కంటి మీద నూలుకు వేసే నీలం రంగు ఉడికే కాగు, ఇంకో కంటి మీద పడుగుకు పెట్టే గంజి, మూడో దాని మీద అన్నం. ఒకే కట్టెను ముందుకీ వెనక్కీ జరుపుతూ మూడు వంటల్నీ ఒక్కతే నడిపిస్తోంది. పొయ్యి గట్టు వెచ్చదనానికి తడి నూలు ఆరబెట్టింది. ఒక్క నిప్పురవ్వ ఊరికే పోవడం లేదు. గోడకున్న మేకుకు రంగురంగుల ముడులున్న నూలు పోగు ఒకటి వేలాడుతోంది. అదేంటని అడిగాను.

"అది మా అత్త నోరు మూసే మందు బిడ్డా. కట్టెలన్నీ నువ్వే తగలబెడుతున్నవని రోజూ లొల్లి చేసేది. మోపు కాలినప్పుడల్లా ముడి వేసుడు మొదలువెట్టిన. బువ్వకు కాలిస్తే ఎర్ర ముడి, రంగుకు కాలిస్తే నీలం, గంజికి తెల్లది. లెక్క చూసినంక మా అత్త మల్ల నోరు తెరువలే."

ఆ ఊళ్లోని కోడళ్లందరూ ఈ మందు ఆమె దగ్గరే నేర్చుకున్నారట. భలే ఉందవ్వా అన్నాను. అన్నానే గానీ, నేను వచ్చిన పనికి జవాబు ఆ మేకు మీదే ఉందని నా బుర్రకు తట్టలేదు. గొంతు సవరించుకుని చెరకు సంగతి అడిగాను. లేదంది. సున్నా చుట్టాను. ఆమె నా ఫారం వంక అనుమానంగా చూసింది.

"కట్టెలు రాసుకుంటలేవేంది?"

"కట్టెలకు గడి లేదవ్వా. సర్కారు కట్టెల్ని లెక్కల పట్టదు."

"మరి గీ పొయ్యి దేంతోని మండుతుందనుకుంటున్నరు గా సర్కారోళ్లు? చెరుకుతోనా?"

చూశారా, ఆమె జవాబు నా చేతిలో పెట్టింది. నేను పెద్దమనిషిలా నవ్వి, చదువుకోని ఆడమనిషి అని లోపల జాలిపడి, అక్కడి నుంచి లేచాను. ఆ జాలి గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు ఎర్రబడతాయి.

మర్నాటికి ఊళ్లో కొత్త పుకారు లేచింది. సర్కారు ఇంటింటికీ చెరకు పంచుతుందట, సారు అందుకే రాసుకుంటున్నాడట. రెండో వీధిలో అడుగు పెట్టానో లేదో, జవాబులు మారిపోయాయి. ఒకాయన నన్ను పీట మీద కూర్చోబెట్టి, "మా ఇంట్ల పదకొండు మందిమి సారూ. పొద్దుగాల చెరుకే, మాపటికి చెరుకే" అన్నాడు. ఆయన పక్కింటాయన పప్పులో కూడా వేస్తామన్నాడు. ఇంకో ఇంట్లో నెలకు బండెడు చాలడం లేదని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని ఉంటే ఊరు బతికిపోయేది. కానీ నేను నిజాయితీపరుణ్ణి. వాళ్లందరి అంకెలూ కొట్టేసి, వరుసగా సున్నాలు చుట్టి, కింద నా సొంత తెలుగులో ఒక గమనిక కూడా రాశాను: "ఈ ఊరి ప్రజలు వంటచెరకు వాడరు. వాడుతున్నామని చెప్పువారు అబద్ధములాడుచున్నారు."

అప్పుడే ఆఫీసరుగారు మీటింగని హైదరాబాదు వెళ్లారు. నా కాగితం ఆయన కంట పడకుండానే ముద్ర కొట్టించుకుని పైకి పోయింది. పైవాళ్లు చదివారు. ఊళ్లో ఎవరూ వాడనిదాన్ని ఊరికి పంపడమెందుకని, వానలకు ముందు అడవి నుంచి వచ్చే బండ్ల పర్మిట్లన్నీ రద్దు చేశారు.

మొదటి మబ్బులు పట్టిన రోజు ఉదయం, రాజవ్వ ఆరుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది. ఒక్కొక్కరి చేతిలో ఒక మూట. కట్టెల బండ్లను అడవి శాఖవాళ్ల నాకా దగ్గర, అంటే చెక్‌పోస్టు దగ్గర, ఆపేశారని, ఇంట్లో ఉన్నవి వారానికి కూడా రావని, వానలు పడ్డాక బండి దారులు బురదై అడవిలోంచి పుల్ల కూడా రాదని చెప్పింది. గంజి లేకపోతే పడుగు లేదు, పడుగు లేకపోతే మగ్గం ఆగుతుంది, కట్టె లేకపోతే అసలు బువ్వే లేదు. అరవలేదు, ఏడవలేదు. నిలబడి వరుసగా చెప్పింది. ఆఫీసరుగారు అంతకు ముందురోజే తిరిగి వచ్చారు. ఫైలు తెప్పించి, నా గమనిక పైకి చదివారు. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత నన్ను పిలిచారు.

"గంగాధర్, ఈ ఊళ్లో ఎవరూ వంటచెరకు వాడరా?"

"వాడరు సార్. ఇల్లిల్లూ తిరిగి అడిగిన."

"మరి అన్నం దేంతో వండుకుంటున్నారయ్యా?"

"కట్టెలతోని సార్."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"వంటచెరకంటే ఏమిటనుకున్నావు?"

"వంటల ఏసే చెరుకు సార్. పులుసులకు."

వెనక ఉన్న ఆడవాళ్లలో ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్న చప్పుడయింది. ఆఫీసరుగారి మొహంలో నవ్వూ కోపమూ కాసేపు కలబడి, రెండూ ఓడిపోయాయి. వంటచెరకంటే కట్టెలయ్యా అని చాలా నెమ్మదిగా చెప్పారు. నా కింద నేల ఉందో లేదో చూసుకున్నాను. కట్టెకు చెరకని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన భైంసా వైపు ఎప్పుడూ వచ్చి ఉండడు. రాజవ్వ మాత్రం నా వంక చూసి తల పంకించింది.

"గందుకా బిడ్డా నన్ను చెరుకు అడిగినవు. నాకు తెలువదు అని ఒక్క మాటంటే నేనే చెప్తుంటి గదా."

ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది. అక్కడికక్కడే కొండగట్టు అంజన్నకు గుండు మొక్కుకున్నాను.

నవ్వుకోవడానికి సమయం లేదు. కొత్త లెక్క మర్నాటి ఉదయానికి పైకి చేరితేనే పర్మిట్లు తిరిగి వస్తాయి. సర్వేకు నాకు పన్నెండు రోజులు పట్టింది. ఆఫీసరుగారు తల పట్టుకున్నారు. అప్పుడు రాజవ్వ తన మూట విప్పి బల్ల మీద పరిచింది. మిగతావాళ్లూ విప్పారు. ఊరు ఊరంతటి ముడుల పోగులు వాటిలో ఉన్నాయి. మాకు రాయడం రాదు, అందుకే మీకు చూపించడానికి ఇవి తెచ్చుకున్నాం అంది. ఎరుపు, నీలం, తెలుపు ముడులతో ఆఫీసు బల్ల నిండిపోయింది.

ఆఫీసరుగారు ఒక పోగు చేతిలోకి తీసుకుని, ఏ రంగు దేనికో అడిగి తెలుసుకున్నారు. ముడులు లెక్కపెట్టారు. ఇంకో పోగు తీశారు, ఇంకోటి తీశారు. ఏ పోగు చూసినా ఎరుపు కన్నా నీలం, తెలుపు కలిపితే ఎక్కువ.

"అంటే మీ ఇంటి పొయ్యిలో నిప్పు కడుపు కన్నా మగ్గానికే ఎక్కువ పోతోందన్నమాట" అన్నారు ఆశ్చర్యంగా, ఫారంలో ఇంటికీ ఫ్యాక్టరీకీ విడివిడిగా ఉన్న గడులు ఆమెకు చూపిస్తూ.

"అవు సారూ. మీ కాయితంల ఇల్లు ఒక గడి, కార్ఖానా ఒక గడి పెట్టిన్రు. మా ఇల్లే మా కార్ఖానా. యాడ కాలుతుందని అడగకుండ్రి, దేనికి కాలుతుందో అడుగుండ్రి."

ఆయన గోడ మీది ప్రపంచ పటం వంక ఒకసారి, ఆ పోగుల వంక ఒకసారి చూశారు. తర్వాత నాతో, పొగగొట్టం కనబడితేనే పరిశ్రమ అని మనం అనుకున్నామయ్యా, ఈమె మనకన్నా ముందే సర్వే పూర్తి చేసి మేకుకు తగిలించింది అన్నారు. నాకన్నా పెద్ద తప్పు ఫారంలోనే ఉందని విని నాకు కొంచెం ఊపిరి ఆడింది. అది గమనించి, నీ తప్పు నీకే ఉందిలే అని కూడా అన్నారు.

ఆ మధ్యాహ్నమంతా నేను ఆఫీసు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఆడవాళ్లు ముడులు చదువుతుంటే రాసుకున్నాను. వాళ్ల వేళ్లు పోగు మీద పరిగెత్తేవి, నా పెన్సిలు వెనకబడేది. ఎర్ర ముడులు గృహం కింద, నీలం, తెల్ల ముడులు పరిశ్రమ కింద వేశాం. నాకు సంజాయిషీ తాఖీదు రాకుండా ఆఫీసరుగారు ఎలా ఆపారో నాకు తెలియదు. కాగితం మర్నాటి ఉదయానికే పైకి చేరింది. పర్మిట్లు రెండు గడుల కింద రెండు విధాలుగా వచ్చాయి, అంతకు ముందు ఏడాది కన్నా ఎక్కువ బండ్లకే వచ్చాయి. మొదటి పెద్ద వాన పడిన రోజు నేను ఆ ఊరు వెళ్లి చూశాను. ప్రతి ఇంటి చూరు కింద కట్టెలు పేర్చి ఉన్నాయి. ఒకాయన నన్ను గుర్తుపట్టి, చెరుకు బండి ఎప్పుడొస్తది సారూ అని అడిగాడు.

ఇప్పుడు నా మనవరాలి పుస్తకంలో ఒక గుండ్రటి బొమ్మ ఉంది. ప్రపంచంలోని ఇంధనం ఎవరెవరు ఎంత వాడుతున్నారో రంగులు వేసి ముక్కలుగా చూపించారు. ఫ్యాక్టరీలకొకటి, బండ్లకూ ఓడలకూ ఒకటి, ఇళ్లకొకటి. చక్కగా ఉంది. కానీ దాన్ని చూసినప్పుడల్లా నా కళ్లకు ఆ మేకూ, ఆ నూలు పోగే కనిపిస్తాయి. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు గీసిన బొమ్మను, అత్త నోరు మూయించడానికి రాజవ్వ అప్పుడే కట్టి పెట్టింది. అంత తెలివిగల మనిషి ముందు నేను జాలిపడి లేచి వచ్చానే అని ఇప్పటికీ నాకు సిగ్గే.

ఆ తర్వాతి ఎండాకాలం భైంసాలో నా పెళ్లి. కొండగట్టు మొక్కు అప్పుడే తీర్చుకుని వచ్చాను కాబట్టి, పెళ్లి ఫొటోలో నా తల మీద వెంట్రుక లేదు. రాజవ్వ రాలేకపోయింది గానీ, మా ఆఫీసు జవానుతో నిలువెత్తు కట్ట ఒకటి పంపింది. ఎర్ర నూలుతో ముడులు వేసి కట్టింది. పెళ్లిపందిట్లో విప్పితే లోపల పది నల్ల చెరకు గడలు. మా మామగారు ఇదేం ఆచారమని అడిగారు. జవాను అందరికీ వినబడేలా రాజవ్వ మాట అప్పజెప్పాడు.

"సారుకు వంటచెరుకు పంపిన. పొయ్యిల పెట్టకుమని చెప్పు అన్నది."

పందిట్లో ఎవరికీ అర్థం కాలేదు. నాకు మాత్రం నవ్వూ కన్నీళ్లూ ఒకేసారి వచ్చాయి. హోమం ముందు కూర్చుని, ఆ అగ్నిసాక్షిగా రెండు ప్రమాణాలు చేశాను. మొదటిది పంతులుగారు చెప్పించింది, అందరికీ తెలిసిందే. రెండోది మనసులో చేసుకున్నాను. ఇకమీదట తెలియని మాట ఎదురైతే, నా పరువు మానేట్లో కలిసిపోయినా సరే, నోరు తెరిచి అడుగుతాను. ఈ జన్మలో మళ్లీ తెలిసినట్టు తల ఊపను.

ప్రమాణం పూర్తయి క్షణం కాలేదు, పంతులుగారు చెయ్యి చాచి, సమిధలు అందించు నాయనా అన్నారు. పందిరంతా చూస్తుండగా గుండు తలతో నిటారుగా కూర్చుని అడిగాను.

"సమిధలంటే ఏంది పంతులూ?"

ఆయన నా వంక జాలిగా చూసి, "కట్టెలే నాయనా" అన్నారు.